నెలనెలా మందులు కొనలేకపోతున్నారా? తిరుపతి, చిత్తూరులో ఎక్కడికి వెళ్లాలి, ఏమని అడగాలి

ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఇంట్లో ఉంటుంది. అయినా నెల తిరిగేసరికి మందుల షాపులో రెండు మూడు వేలు కట్టాల్సి వస్తుంది. కార్డు ఉండి కూడా ఇదేం ఖర్చు అని చాలామంది అడుగుతుంటారు. ఆ కార్డు ముఖ్యంగా ఆపరేషన్లకు, ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు. రోజూ వేసుకునే బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రలు చాలావరకు మన జేబులోంచే కొనుక్కోవాలి. డబ్బు కట్టి తీసుకున్న ప్రైవేటు ఇన్సూరెన్స్ కూడా ఎక్కువగా ఇలాంటిదే. 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వర్తించే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరులో మొదలైంది. అదీ ఆస్పత్రిలో చేరినవాళ్లకే.

దీంతో ఇంట్లో పెద్దవాళ్లు ఎవరికీ చెప్పకుండా ఒక పని చేస్తారు. రోజూ వేసుకోవాల్సిన మాత్రను రోజు విడిచి రోజు వేసుకుంటారు, లేదా పింఛన్ వచ్చేదాకా ఆపేస్తారు. దయచేసి అలా చేయనివ్వకండి. స్టెంట్ వేసినవాళ్లు రక్తం పలచబడే మాత్ర ఆపితే స్టెంట్‌లోనే గడ్డ కట్టే ప్రమాదం ఉంది. బీపీ మాత్ర ఆపితే పక్షవాతం వచ్చే ముప్పు పెరుగుతుంది. మాత్ర మానేసే ముందు చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి. వరుసగా చెబుతాను.

1. మాత్రల అట్ట వెనక్కి తిప్పి చూడండి

డాక్టర్లు ఎక్కువగా రాసేది కంపెనీ పెట్టుకున్న పేరు. అట్ట మీద ఇంకో పేరు కూడా ఉంటుంది: టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్, మెట్‌ఫార్మిన్, అటోర్వాస్టాటిన్, లెవోథైరాక్సిన్ ఇలాంటివి. మందు అసలు పేరు అదే. కంపెనీ పేరుతో కాకుండా ఆ అసలు పేరుతో అమ్మే మందును జెనరిక్ అంటారు. ఒకే మందును పదుల కంపెనీలు పదుల పేర్లతో అమ్ముతాయి, ధరల్లో చాలా తేడా ఉంటుంది. మీకు అసలు పేరు తెలియనంతకాలం ఆ తేడా మీకు కనిపించదు.

ఒక నోటుబుక్కు తీసుకుని ప్రతి మందుకూ నాలుగు విషయాలు రాయండి: అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్ని, ఒక్క మాత్రకు ఎంత పడుతోంది. ఇంగ్లీషు అక్షరాలు ఇబ్బందైతే ఇంట్లో చదువుకుంటున్న పిల్లల చేత రాయించండి. పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఆర్, ఈఆర్ అని ఉంటే అదీ వదలకుండా రాయాలి. అవి కడుపులో నెమ్మదిగా కరిగే రకం. వాటి బదులు మామూలు రకం వేసుకోకూడదు, వాటిని నూరకూడదు, డాక్టర్ చెప్పకుండా విరవకూడదు.

షాపులో అట్ట కత్తిరించి ఐదో ఆరో మాత్రలు ఇచ్చినప్పుడు ఒక్కోసారి పేరు, గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. అందుకే బిల్లు అడిగి తీసుకోండి. మందు పేరు, బ్యాచ్ నంబరు, గడువు అందులో ఉంటాయి. తర్వాత ఎక్కడ సాయం అడగాలన్నా ఈ బిల్లులే ఆధారం.

ఇదంతా రాశాక నెల ఖర్చు కూడండి. ఎక్కువ డబ్బు ఒకటి రెండు మందులకే పోతోందని తరచుగా తేలుతుంది. వెతకాల్సింది ముందుగా వాటి కోసం.

2. డబ్బు సంగతి డాక్టర్‌కు చెప్పండి

చాలామందికి ఇదే కష్టంగా ఉంటుంది. డాక్టర్ ముందు డబ్బు మాట ఎత్తడం నామోషీ అనుకుంటారు, ఏమనుకుంటారోనని టెన్షన్ పడతారు. కానీ మీరు చెప్పకపోతే డాక్టర్‌కు తెలిసే దారి లేదు. మీరు మాత్రలు సరిగ్గా వేసుకోవడం లేదని తెలియక, బీపీ తగ్గలేదని ఇంకో మాత్ర కలుపుతారు. ఖర్చు ఇంకా పెరుగుతుంది.

నోటుబుక్కు టేబుల్ మీద పెట్టి ఇలా అడగండి: "డాక్టర్ గారూ, నెలకు ఇంతవరకే పెట్టగలను. వీటిలో ఒక్కరోజు కూడా మానకూడనివి ఏవి? ఆపినా పర్వాలేనివి ఉన్నాయా? మిగతావి జెనరిక్‌లో తీసుకోవచ్చా? అసలు పేరుతో రాసిస్తారా?"

ఈ మాటలకు చాలా చీటీలు చిన్నవవుతాయి. ఎప్పుడో ఒక నెల కోసం రాసిన గ్యాస్ మాత్ర, విటమిన్ మాత్ర, బలానికి టానిక్ ఏళ్ల తరబడి కొంటూ పోయేవాళ్లున్నారు. ఇవి నిజంగా అవసరమా అన్నది డాక్టర్ ఒక్క నిమిషంలో చెప్పగలరు. రెండు మందులు కలిపిన మాత్ర రాసి ఉంటే విడివిడిగా రాయమని అడగండి. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిపిన మాత్ర ప్రభుత్వ ఆస్పత్రిలో లేకపోయినా, విడివిడిగా ఆ రెండూ దొరికే అవకాశం ఉంది. ఇన్సులిన్ పెన్ను ఖర్చు భారమైతే సీసాలో వచ్చే హ్యూమన్ ఇన్సులిన్ మీకు సరిపడుతుందేమో అడగండి. అది చాలా చవక. కానీ మోతాదు, తినే వేళలు మారతాయి, షుగర్ ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం కూడా ఉంటుంది కాబట్టి సొంతంగా మార్చుకోకండి.

మూర్ఛ మందులు, థైరాయిడ్ మాత్ర, వార్ఫరిన్, కిడ్నీ మార్పిడి తర్వాత వాడే టాక్రోలిమస్ లాంటివి అసలు పేరు ఒకటే అయినా డాక్టర్‌ను అడగకుండా కంపెనీ మార్చవద్దు. రక్తంలో వీటి మోతాదులో కొంచెం తేడా వచ్చినా ఇబ్బందే. మార్చాల్సి వస్తే తర్వాత రక్తపరీక్ష ఎప్పుడు చేయించాలో కూడా అడిగి రాసుకోండి.

చిత్తూరు, పలమనేరు వైపు నుంచి వేలూరు సీఎంసీకి వెళ్లేవాళ్లు చాలామంది. మళ్లీ చూపించుకోవడానికి నెలలు పడుతుంది కాబట్టి ఈ ప్రశ్నలన్నీ అక్కడున్న రోజే అడిగేయండి. తమిళనాడు ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో 'ముదల్వర్ మరుందగం' పేరుతో తక్కువ ధర మందుల షాపులు వెయ్యి తెరిచింది. ఎలాగూ వేలూరు దాకా పోతున్నారు, అక్కడ దగ్గర్లో ఉందేమో కనుక్కోండి.

3. ఉచితంగా వచ్చేవాటిని ముందు తీసుకోండి

బీపీ, షుగర్ లాంటి మామూలు జబ్బుల మందులు ఊళ్లోని విలేజ్ హెల్త్ క్లినిక్‌లో, పీహెచ్‌సీలో, పట్టణాల్లో అర్బన్ హెల్త్ సెంటర్‌లో ఉచితంగా ఇస్తారు. పల్లెలకు 104 బండి వస్తుంది. మీ ఊరికి ఏ తేదీన వస్తుందో ఆశా కార్యకర్తకో ఏఎన్ఎంకో తెలుస్తుంది. పేరు రాయించుకోండి. క్రమం తప్పకుండా తీసుకునేవాళ్ల లెక్క వాళ్ల దగ్గర ఉంటే మందులు తెప్పించడం వాళ్లకూ సులభం.

పెద్ద డాక్టర్ చూడాల్సిన జబ్బయితే తిరుపతిలో రుయా, చిత్తూరులో జిల్లా ప్రభుత్వ ఆస్పత్రి. ఇక్కడ చాలామంది ఒక చోట తడబడతారు. ప్రైవేటు డాక్టర్ రాసిన చీటీ పట్టుకుని నేరుగా మందుల కౌంటర్‌కు వెళ్తే ఇవ్వరు. ముందు ఓపీ చీటీ తీసుకోవాలి, అక్కడి డాక్టర్‌కు పాత చీటీ, రిపోర్టులు చూపించాలి. ఆయన తమ చీటీ మీద రాస్తేనే కౌంటర్‌లో మందులు వస్తాయి. ఇందుకు ఒక పూట పోతుంది, పొద్దున్నే వెళ్లండి. రాసినవాటిలో నాలుగు దొరికి రెండు దొరకకపోతే, "మందు మారినా పర్వాలేదు, ఇక్కడ ఉన్నవాటిలోనే రాయగలరా" అని అదే డాక్టర్‌ను అడగండి. ఆ చీటీని తర్వాత ఊళ్లో పీహెచ్‌సీలో చూపిస్తే, అక్కడ ఉన్న మందులు అక్కడే తీసుకోవచ్చు. ప్రతిసారీ తిరుపతి బస్సు ఎక్కే పని తప్పుతుంది.

కొన్ని జబ్బులకు మందులన్నీ ప్రభుత్వమే ఇస్తుంది. క్షయ మందులు ఉచితం. ప్రైవేటు డాక్టర్ దగ్గర చూపించుకుంటున్నా పేరు నమోదైతే ప్రభుత్వం నుంచి తీసుకోవచ్చు. పైగా నిక్షయ్ పోషణ్ యోజన కింద తిండి కోసం నెలకు 1,000 రూపాయలు బ్యాంకులో పడతాయి. 2024 నవంబరుకు ముందు అది 500. హెచ్ఐవీ మందులు ఏఆర్‌టీ సెంటర్లలో జీవితాంతం ఉచితం. హెపటైటిస్ బి, సి మందులకు 2018 నుంచి జాతీయ కార్యక్రమం ఉంది. కుక్క కరిచినా పాము కరిచినా ప్రైవేటుకు పరుగెత్తి వేలు పోయకుండా ముందు ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లండి.

4. మీకు ఈఎస్ఐ ఉందేమో చూడండి

తిరుపతిలో హోటళ్లు, లాడ్జీలు, బట్టల షాపులు, సెక్యూరిటీ ఏజెన్సీల్లో పనిచేసేవాళ్లు వేలల్లో ఉన్నారు. పది మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే సంస్థలో నెల జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కట్టాలి. జీతంలోంచి 0.75 శాతం కోస్తారు, యజమాని 3.25 శాతం వేస్తాడు. జీతం స్లిప్పులో ఆ కోత ఉంటే మీకు, మీ భార్యకు లేదా భర్తకు, పిల్లలకు, మీ మీద ఆధారపడిన అమ్మానాన్నలకు డిస్పెన్సరీలో డాక్టర్ చూపు, మందులు ఉచితం. తిరుపతిలో ఈఎస్ఐ ఆస్పత్రి కూడా ఉంది. ఆస్పత్రిలో చేరకుండానే, రోజూ వేసుకునే మాత్రలకు కూడా పనికొచ్చే బీమా ఇది. డబ్బు కోస్తున్నా తమ ఈఎస్ఐ నంబరు తెలియనివాళ్లు, ఇంట్లోవాళ్ల పేర్లు చేర్పించనివాళ్లు చాలామంది ఉన్నారు. ఈ వారంలోనే మీ మేనేజర్‌ను అడగండి.

5. ఉచితంగా రానివి జన ఔషధిలో

ప్రధానమంత్రి భారతీయ జన ఔషధి కేంద్రాల్లో మందులు అసలు పేరుతోనే అమ్ముతారు. బజారులో బ్రాండ్ మందులతో పోలిస్తే సాధారణంగా 50 నుంచి 80 శాతం తక్కువ. దాదాపు రెండు వేల రకాల మందులు వాళ్ల జాబితాలో ఉన్నాయి. 'జన ఔషధి సుగమ్' అనే యాప్‌లో మందు అసలు పేరు కొడితే ధర కనిపిస్తుంది, మీ పిన్ కోడ్ దగ్గర కేంద్రం ఎక్కడుందో కూడా చూపిస్తుంది. ఫోన్ చేసి అడగాలంటే 1800 180 8080.

తక్కువ ధరకు వస్తోందంటే నాసిరకమేమోనని అనుమానం సహజం. ప్రతి బ్యాచ్‌నూ గుర్తింపు పొందిన ల్యాబుల్లో పరీక్షించాకే కేంద్రాలకు పంపుతారు. ధర తగ్గడానికి కారణం వేరు: ప్రకటనల ఖర్చు, బ్రాండ్ పేరు ఖర్చు అందులో లేవు, మధ్యలో చేతులు మారడం తక్కువ. అయినా నమ్మకం కుదరకపోతే బీపీ మాత్ర మార్చాక రెండు మూడు వారాలు పీహెచ్‌సీలో బీపీ చూపించుకోండి, షుగర్ మాత్ర అయితే పరీక్ష చేయించుకోండి. అంకెలు సరిగ్గా ఉంటే ఇక బెంగ అక్కర్లేదు.

వీటితో ఉన్న చిక్కు స్టాక్. ఒకరోజు ఉన్న మందు ఇంకోరోజు ఉండదు. అందుకే మందులు అయిపోయే దాకా ఆగకుండా పది రోజుల ముందే వెళ్లండి. లేకపోతే తెప్పించమని చెప్పి ఫోన్ నంబరు ఇచ్చి రండి.

6. మామూలు షాపులోనే కొనాల్సి వస్తే

అప్పుడూ దారులున్నాయి. అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవాటికి కేంద్ర ప్రభుత్వం గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. ఆ పని చేసేది ఎన్‌పీపీఏ అనే సంస్థ. వాళ్ల 'ఫార్మా సహీ దామ్' యాప్‌లో మందు పేరు కొడితే అదే మందు వేరే కంపెనీలది ఎంతకు దొరుకుతోందో తెలుస్తుంది. అట్ట మీద ఉన్న ధరకన్నా ఎక్కువ తీసుకుంటే 1800 111 255కు ఫిర్యాదు చేయొచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. కొన్ని ప్రాణరక్షక మందుల మీద పూర్తిగా తీసేశారు.

మీరు వాడే ఖరీదైన మందుకు పేటెంట్ (ఒక్క కంపెనీకే ఉండే హక్కు) ముగిసిందేమో కూడా డాక్టర్‌ను అడగండి. షుగర్‌కు, గుండెకు వాడే ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ 2025 మార్చిలో ముగిసింది. అప్పటిదాకా ఒక్క మాత్ర 60 రూపాయల దరిదాపుల్లో ఉండేది. ఇప్పుడు వేరే కంపెనీలవి 15 రూపాయల లోపే దొరుకుతున్నాయి. పాత చీటీనే ఏళ్లుగా చూపించి కొంటున్నవాళ్లు ఇంకా పాత బ్రాండే తీసుకుంటున్నారు. సీతాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్, డాపాగ్లిఫ్లోజిన్ కూడా ఇలాగే గత కొన్నేళ్లలో చవకయ్యాయి.

7. క్యాన్సర్, కిడ్నీ, గుండె జబ్బుల్లాంటి పెద్ద ఖర్చులు

ఇక్కడ మాత్రల ధర కాదు, కుటుంబం అప్పుల్లో పడకుండా చూసుకోవడం ముఖ్యం. ముందు చికిత్స మొత్తాన్ని ఎన్టీఆర్ వైద్య సేవ కిందకు తెచ్చే ప్రయత్నం చేయండి. అందులో ఉన్న ఆస్పత్రిలో హెల్ప్ డెస్క్ ఉంటుంది. కీమో, డయాలసిస్ లాంటివి పథకంలో ఉన్నాయి. కొన్ని ఆపరేషన్ల తర్వాత ఫాలో-అప్ ప్యాకేజీ కూడా ఉంటుంది, అందులో మందులూ వస్తాయి. డిశ్చార్జి రోజే "నాకు ఫాలో-అప్ ప్యాకేజీ వర్తిస్తుందా? ఇంటికి ఎన్ని రోజుల మందులు ఇస్తారు?" అని అడగండి. ఆస్పత్రి గేటు దాటాక అడిగితే ఎవరూ పట్టించుకోరు. పథకం గురించి ఏ సందేహమున్నా 104కు ఫోన్ చేయొచ్చు. ఆయుష్మాన్ కార్డు కింద చేరినవాళ్లకు డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందులు ప్యాకేజీలోనే ఉంటాయి, ఆ పథకం నంబరు 14555.

తిరుపతిలో ఉన్నవాళ్లకు ఇంకో అండ ఉంది. 1993లో మొదలైన స్విమ్స్ ఆస్పత్రి, దాని పక్కనే ఎముకల జబ్బులకు బర్డ్, పిల్లల గుండె జబ్బులకు శ్రీ పద్మావతి హృదయాలయం, ఇవన్నీ టీటీడీ నీడలో నడుస్తున్నవే. గుండె, కిడ్నీ, మెదడు, క్యాన్సర్ లాంటి ప్రాణాంతక జబ్బులున్న పేదల కోసం టీటీడీ శ్రీ వేంకటేశ్వర ప్రాణదాన ట్రస్టు నడుపుతోంది. స్విమ్స్‌లో మీ చికిత్స మరే పథకంలోనూ లేదని తేలితే, ప్రాణదానం కింద గానీ ఆరోగ్య వరప్రసాదిని పథకం కింద గానీ సాయం వస్తుందా అని అక్కడే అడగండి. క్యాన్సర్‌కు టాటా ట్రస్టులు టీటీడీతో కలిసి కట్టిన ఆస్పత్రి 2022 మే నుంచి తిరుపతిలో ఉంది. మద్రాసుకో బెంగళూరుకో వెళ్లే ముందు అక్కడ ఒకసారి చూపించుకోండి. ప్రయాణం, గది అద్దె, తోడు వచ్చినవాళ్ల కూలి పోవడం ఇవన్నీ కూడా ఖర్చే.

ఖరీదైన క్యాన్సర్ మందులు కొనాల్సి వస్తే కొన్ని కంపెనీలు 'పేషెంట్ అసిస్టెన్స్' పేరుతో ఇన్ని కొంటే ఇన్ని ఉచితం అని ఇస్తాయి. ఇది షాపువాడు చెప్పడు. డాక్టర్ సంతకంతో దరఖాస్తు పెట్టాలి. మొదటి డోసు కొనకముందే అడగండి.

ఆస్పత్రి బిల్లు మీరే కట్టేసి ఉంటే ముఖ్యమంత్రి సహాయ నిధికి మీ ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా దరఖాస్తు చేయొచ్చు. ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ కావాలి. ఒరిజినల్స్ ఇచ్చే ముందు అన్నిటికీ రెండేసి జెరాక్సులు తీసి పెట్టుకోండి. చికిత్సకు ముందే అంచనా ఖర్చు చూపించి ఎల్ఓసీ (ఖర్చు భరిస్తామని ఆస్పత్రికి ప్రభుత్వం ఇచ్చే పత్రం) తెచ్చుకునే వీలు కూడా ఉంది. డయాలసిస్ చేయించుకుంటున్నవాళ్లకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 10,000 పింఛన్ ఉంది. ఇంకా రాకపోతే సచివాలయంలో అడగండి. మందులకు, ఆస్పత్రి బస్సు ఖర్చుకు అదే ఆధారం అవుతుంది.

వీటిలో దేనికీ బ్రోకర్ అక్కర్లేదు. ఆస్పత్రి ఆవరణలో ఎవరైనా వచ్చి ట్రస్టు డబ్బు ఇప్పిస్తాం, ఇంత ఇవ్వండి అంటే ఆధార్ జెరాక్స్ కూడా చేతికివ్వకండి.

8. మందు లేదు పొమ్మంటే

పీహెచ్‌సీలో స్టాక్ లేదన్నప్పుడు తిట్టుకుంటూ వచ్చేయకుండా, ఏ మందు లేదో చీటీ మీద రాసివ్వమని మెడికల్ ఆఫీసర్‌ను అడగండి. ఎప్పుడు వస్తుందో, అంతదాకా దాని బదులు ఏది వాడాలో కూడా అడగండి. రెండు మూడు నెలలు ఇదే జరిగితే కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. మందు పేరు, ఆస్పత్రి పేరు, మీరు వెళ్లిన తేదీలు రాస్తే చాలు, పొడుగ్గా రాయనక్కర్లేదు. ఒక్కరే వెళ్లేకన్నా అదే మందు వాడే ఊళ్లోవాళ్లు ముగ్గురు నలుగురు సంతకాలు పెట్టి ఇస్తే మేలు. అర్జీ తీసుకున్నట్టు రసీదు ఇస్తారు, దాన్ని మందుల నోటుబుక్కులోనే పెట్టుకోండి. జవాబు రాకపోతే తర్వాతి సోమవారం ఆ నంబరు చూపించి అడగొచ్చు.